ఐదు లెన్సుల చవక సైక్లింగ్ గ్లాసెస్ కొనొచ్చా?

ఒకే ఫ్రేమ్‌కి మార్చుకునే ఐదు లెన్సులతో వచ్చే చవక సైక్లింగ్ గ్లాసెస్ సెట్ తీసుకోవాలా, అదే డబ్బుకి ఒక్క లెన్స్ ఉన్న మంచిది తీసుకోవాలా అని కదా మీరడిగింది. నేను చాలా కాలంగా చవక సెట్లే వాడుతున్నా, ధైర్యంగా తీసుకోండి, కాకపోతే లెన్సులు ఎన్నున్నాయో లెక్కపెట్టి మాత్రం కొనకండి. నేను నిజంగా వాడేవి రెండే, ఎండకి స్మోక్ అనే నల్లటిది, చీకటి పడ్డాక క్లియర్, అంటే రంగు లేనిది. మబ్బుగా ఉన్నప్పుడు పసుపు లెన్స్‌తో గుంతలు కాస్త తేటగా కనబడతాయి గానీ రాత్రికి కూడా అదే పెట్టుకోమనే వాళ్ళ మాట వినొద్దు, రంగుందంటేనే ఎంతో కొంత వెలుతురు ఆపేస్తున్నట్టు. నీలం, ఎరుపు అయితే ఫోటోలకే.

పోలరైజ్డ్, అంటే మెరుపుని అడ్డుకునే లెన్స్ అని గొప్పగా రాస్తారు చూడండి, సైకిల్ మీద నాకది అస్సలు నచ్చలేదు. ఎదురు మెరుపు తగ్గే మాట నిజమే, కానీ తడి రోడ్డు మెరుపు కూడా పోతుంది, ఎక్కడ జారుతుందో మనం పసిగట్టేదే ఆ మెరుపుని బట్టి. పైగా ఫోన్ స్క్రీన్ కొన్ని కోణాల్లో నల్లగా అయిపోతుంది.

యూవీ400 అని ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి, అంటే 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుందని. దీనికీ లెన్స్ నలుపుకీ సంబంధం లేదు, క్లియర్ పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) లెన్స్ కూడా యూవీని బాగానే ఆపుతుంది. యూవీ ఆపని నల్ల లెన్స్ అయితే ఇంకా ప్రమాదం, చీకటికి కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఎక్కువ లోపలికెళ్తాయి. లెన్స్ ఎంత నలుపో కేటగిరీ నంబర్ చెబుతుంది, ఎండకి కేటగిరీ 3 చాలు, అది 8 నుంచి 18 శాతం వెలుతురునే వదుల్తుంది. అంతకంటే నల్లదైన కేటగిరీ 4 రోడ్డు మీద వాడకూడదు.

ఇక అసలు సంగతి ఫ్రేమ్. లెన్స్ పెట్టగానే టక్‌మని కూర్చోవాలి, వేలితో కదిపితే ఆడుతోందంటే గతుకుల్లో టకటకమంటూనే ఉంటుంది, మార్చేకొద్దీ ఆ గాడి ఇంకా వదులవుతుంది. కింద అంచు లేని హాఫ్ ఫ్రేమ్ అయితే మార్చడం తేలిక, ఫుల్ ఫ్రేమ్‌ని వంచి తీయాలి, చవక వాటిలో నాకు అదే భయం. ముక్కు దగ్గర రబ్బరు మెత్తగా ఉండాలి, లేకపోతే చెమటకి జారిపోతుంటాయి. హెల్మెట్ పెట్టుకునే ట్రై చేయండి, కాడలు హెల్మెట్‌కి తగిలి పైకి లేస్తే ఎంత మంచి లెన్సయినా దండగే. దుమ్ము పట్టిన లెన్స్‌ని టీషర్ట్‌తో తుడవొద్దు, ముందు నీళ్ళతో కడగండి.

మీకు సైట్ ఉందో లేదో రాయలేదు. ఉంటే లోపల తగిలించుకునే పవర్ క్లిప్ వచ్చే సెట్ చూడండి, కానీ కనురెప్పల వెంట్రుకలు దానికి తగుల్తున్నాయేమో చూసుకున్నాకే పవర్ వేయించండి.