పొలం కింద గ్యాస్ పైపులైన్: భూమి మీదే, వినియోగ హక్కు మాత్రం వారిది

ప్రశ్న: మాకు కాలువ కింద నాలుగు ఎకరాల మాగాణి, దానిని ఆనుకుని కొంత కొబ్బరి తోట ఉన్నాయి. సహజవాయువు పైపులైన్ కోసం మా పొలంలో 20 మీటర్ల వెడల్పున, సుమారు 50 మీటర్ల పొడవున స్థలం కావాలని నోటీసు వచ్చింది. ఆ పట్టీలోనే ఇటుకలతో కట్టిన మోటారు షెడ్డు, ఎనిమిది కొబ్బరి చెట్లు ఉన్నాయి. కంపెనీ మనుషులు వచ్చి అభ్యంతరం లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. భూమి విలువలో పదో వంతు మాత్రమే ఇస్తామంటున్నారు. పైపులైన్‌ను రోడ్డు పక్క నుంచి తీసుకెళ్లమని అడగవచ్చా? 2013 నాటి భూసేకరణ చట్టం మాకు వర్తించదా? మున్ముందు ఆ పొలాన్ని చేపల చెరువుగా మార్చుకోవాలన్న ఆలోచన కూడా ఉంది.

జవాబు: ముందుగా ఆ కాగితం సంగతి. అభ్యంతరం లేదని రాసిచ్చే బాధ్యత చట్టం మీ మీద ఎక్కడా పెట్టలేదు. మీరు సంతకం పెట్టకపోయినా చట్టప్రకారం జరగవలసిన ప్రక్రియ జరుగుతుంది. పెడితే మాత్రం, రేపు మీరు చెప్పుకోవలసిన మాటలకు ఎదురుగా ఆ కాగితాన్నే చూపిస్తారు. కాబట్టి ప్రస్తుతానికి సంతకం పెట్టవద్దు.

మీకు వచ్చిన నోటీసు 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల (భూమిలో వినియోగ హక్కు సేకరణ) చట్టం కింద ఇచ్చినది. మామూలు భూసేకరణలో యాజమాన్యమే చేతులు మారుతుంది. ఇక్కడ భూమి మీ పేరునే ఉంటుంది, పాసుపుస్తకం మీదే, సాగు మీదే, అమ్ముకునే హక్కూ మీదే, కానీ భూమి అడుగున పైపు వేసి నడుపుకునే హక్కు ఒక్కటీ కేంద్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి సాధారణంగా పైపులైన్ కంపెనీకి దఖలు పడుతుంది. ఆ కంపెనీ ప్రభుత్వ రంగానిదే కానవసరం లేదు. కంపెనీల చట్టం కింద నమోదైన ప్రైవేటు సంస్థకూ ఈ హక్కు దఖలు పరచవచ్చు.

ప్రక్రియలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె 21. సెక్షన్ 3 కింద గెజిట్ ప్రకటన వెలువడిన తరువాత 21 రోజుల లోపు, ఆ భూమిలో హక్కు లేదా ప్రయోజనం ఉన్న ఎవరైనా కాంపిటెంట్ అథారిటీకి (ఈ చట్టం కింద ఈ పనుల కోసం కేంద్రం నియమించే అధికారికి) రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. చట్టం ఈ గడువును ప్రకటన తేదీ నుంచి లెక్కిస్తుంది. అయితే ప్రకటనల్లో చాలావరకు, గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి 21 రోజులు అని అచ్చు వేస్తారు. మీ నోటీసులో ఆ వాక్యం ఎలా ఉందో చదవండి, రెండింటిలో ముందుగా వచ్చే తేదీనే మీ గడువుగా భావించండి. అభ్యంతరం చెప్పినవారికి స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వాదన వినిపించుకునే అవకాశం ఇచ్చి తీరాలి. అది ఇవ్వకుండా అభ్యంతరాన్ని తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ వేయడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. అలా కాక సక్రమంగా విని ఇచ్చిన ఉత్తర్వును చట్టం అంతిమమని చెబుతుంది; దాని మీద సివిల్ కోర్టులో దావా నిలవదు. మొదటి ప్రకటన తరువాత ఏడాది లోపు సెక్షన్ 6 కింద తుది ప్రకటన రాకపోతే మొదటిది దానంతటదే చెల్లకుండా పోతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ తేదీలను లెక్క చూసేవారు చాలా తక్కువ.

ఇక అభ్యంతరంలో ఏం రాయాలి? మొత్తం పైపులైన్‌నే రోడ్డు పక్కకు మార్చమన్న కోరికకు బలం తక్కువ. 2013లో తమిళనాడు ప్రభుత్వమే, కొచ్చి నుంచి బెంగళూరు, మంగళూరు వైపు వెళ్లే పైపులైన్‌ను పొలాల నుంచి తప్పించి జాతీయ రహదారుల వెంట వేయమని ఆదేశించింది. మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టివేసింది, 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రైతుల పక్షాన నిలవలేదు. ఒక రాష్ట్ర ప్రభుత్వానికే సాధ్యం కానిది ఒక్క రైతు అభ్యంతరంతో సాధ్యమవుతుందని మీకు ఆశ పెట్టలేను. దేశ ఇంధన వినియోగంలో సహజవాయువు వాటాను 2030 నాటికి 15 శాతానికి చేర్చాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. ఆ వాటా ప్రస్తుతం అందులో సగానికి కూడా చేరలేదు. పైపులైన్ల జాలం పెరగకుండా ఆ లక్ష్యం తీరదు కనుక ప్రజా ప్రయోజనం అనే మాట కంపెనీ వైపే మొగ్గుతుంది.

కానీ మీ పొలంలోపల దారిని కాస్త పక్కకు జరపమని అడగడం వేరు. సెక్షన్ 7 కొన్ని చోట్ల పైపు వేయడాన్ని నిషేధించింది: ప్రకటనకు ముందు నివాసానికి వాడుతున్న భూమి, ఇంటికి అనుబంధంగా ఉన్న స్థలం, అప్పటికే శాశ్వత కట్టడం నిలిచి ఉన్న భూమి. పైగా ఎక్కడ వేసినా ఉపరితలం నుంచి మీటరుకు తక్కువ లోతులో వేయకూడదు. మీ ఇటుకల మోటారు షెడ్డు శాశ్వత కట్టడమే అన్నది మీ అభ్యంతరంలో అన్నిటికంటే బలమైన అంశం. అది ప్రకటనకు ముందే ఉందని చూపే విద్యుత్ కనెక్షన్ రసీదులు, తేదీ కనిపించే ఫోటోలు, ఇరుగుపొరుగు రైతుల వాంగ్మూలాలు జతచేయండి. ప్రకటన తరువాత కొత్తగా ఏదైనా కడితే పరిహారం లెక్కలోకి రాదు, కాబట్టి ఆ ఆలోచన చేయవద్దు.

చేపల చెరువు విషయంలో మీకు నిరాశ తప్పదు. సెక్షన్ 9 ప్రకారం, ప్రకటనకు ముందు ఆ భూమిని దేనికి వాడుతున్నారో దానికి వాడుకోవచ్చు, అంటే వరి సాగుకు అడ్డు లేదు. కానీ తుది ప్రకటన తరువాత ఆ పట్టీలో భవనం గానీ మరే కట్టడం గానీ కట్టకూడదు, చెరువు, బావి, జలాశయం తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నిషేధం ఆ పట్టీకే, అంటే సుమారు 25 సెంట్లకే అయినా, పట్టీ పొలాన్ని అడ్డంగా చీల్చుకుంటూ పోతే మిగిలిన నేలను ఒకే చెరువుగా తవ్వడం కుదరదు. నిషేధాన్ని మీరితే కాంపిటెంట్ అథారిటీ దరఖాస్తు మీద జిల్లా జడ్జి మీరు కట్టినదాన్ని గానీ తవ్వినదాన్ని గానీ నాటినదాన్ని గానీ తొలగింపజేసి ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేయించవచ్చు. పైపులైన్‌కు నష్టం కలిగించే చర్యలకు 2011 సవరణ తరువాత శిక్షలు మరింత కఠినమయ్యాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. పదో వంతు మాత్రమే ఇస్తామన్న మాట సగమే నిజం. సెక్షన్ 10 రెండు రకాల పరిహారాలు చెబుతుంది. మొదటిది జరిగిన నష్టానికి: తీసేసిన చెట్లు, చేలో ఉన్న పంట, పట్టీ మీ మిగతా పొలం నుంచి తాత్కాలికంగా విడిపోవడం వల్ల కలిగిన ఇబ్బంది, ఇతర ఆస్తికి గానీ సంపాదనకు గానీ కలిగిన హాని. రెండవది దానికి అదనంగా, ప్రకటన తేదీన ఆ భూమికి ఉన్న మార్కెట్ విలువలో 10 శాతం. ఎకరా 40 లక్షల రూపాయలు పలికితే 25 సెంట్ల విలువ 10 లక్షలు, అందులో పదో వంతు లక్ష. ఇది చెట్లకు, పంటకు ఇచ్చే సొమ్ములో కలిసిపోయేది కాదు. చట్టం చెప్పింది మార్కెట్ విలువ, రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని పట్టిక విలువ కాదు. కాబట్టి చుట్టుపక్కల పొలాల ఇటీవలి విక్రయ దస్తావేజుల నకళ్లు తీసుకోండి. కొబ్బరి చెట్ల వయసు, ఏటా కాపు, మిగిలిన ఆయుష్షు ఉద్యాన శాఖ అధికారి చేత రాయించుకోండి. పొలం కౌలుకిచ్చి ఉంటే పంట నష్టం అడిగే హక్కు కౌలుదారుకూ ఉంటుంది. ఈ మాట చెబితే కొందరు భూస్వాములకు నచ్చదు గానీ చట్టం అలాగే ఉంది.

2013 భూసేకరణ చట్టం నాలుగో షెడ్యూలులో, అంటే ఆ చట్టం నేరుగా వర్తించని చట్టాల జాబితాలో, 1962 చట్టం పేరు ఉంది. 2015 ఆగస్టు నాటి కేంద్ర ఉత్తర్వు ఆ షెడ్యూలులోని చట్టాలకూ కొత్త పరిహార నిబంధనలను వర్తింపజేసింది. అయితే యాజమాన్యం పోకుండా వినియోగ హక్కు మాత్రమే పోయే సందర్భంలో 10 శాతం పద్ధతిని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుచేత మార్కెట్ విలువను లెక్కించే పద్ధతి వరకు 2013 చట్టాన్ని ఉటంకించండి. మార్కెట్ విలువకు నాలుగు రెట్ల పరిహారం వస్తుందన్న ఆశతో కేసు మొత్తాన్ని దాని మీద నిలబెట్టవద్దు. ఊరు విస్తరించే చోట, ఇల్లు కట్టలేని, చెరువు తవ్వలేని నేలకు పదో వంతే నష్టమనడం న్యాయంగా లేదన్నది నా అభిప్రాయం. గ్యాస్ రవాణా రుసుమును పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు నిర్ణయించేటప్పుడు కంపెనీ పెట్టుబడి మీద రాబడిని లెక్కలోకి తీసుకుంటుంది. రైతు వదులుకున్నదానికి మాత్రం అలాంటి కొలమానం లేదు. మార్పు జరగాలంటే అది పార్లమెంటులోనే జరగాలి.

అథారిటీ నిర్ణయించిన మొత్తం చాలదనిపిస్తే జిల్లా జడ్జికి దరఖాస్తు చేసుకోవాలి. దానికీ గడువు ఉంది, అందువల్ల నిర్ణయ పత్రం అందిన వారంలోనే న్యాయవాదిని కలవండి. జిల్లా జడ్జి నిర్ణయం అంతిమం. ఆ పైన రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టు పర్యవేక్షణ అధికారం ఒక్కటే మిగులుతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ప్రమాదకర పదార్థాలతో వ్యాపారం చేసే సంస్థ తన తప్పు లేదని చెప్పి తప్పించుకోలేదని 1986లో ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుచేత ప్రమాద బాధ్యతను మీ మీదకు నెట్టే ఏ షరతు మీదా సంతకం చేయవద్దు. పైపు వేసిన తరువాత పట్టీలో గ్యాస్ వాసన వచ్చినా, నేల కుంగినా, పంట అకారణంగా ఎండినా వెంటనే కంపెనీ అత్యవసర నంబరుకూ తహసీల్దారుకూ తెలియజేసి, రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. మరమ్మతులకు మళ్లీ వచ్చి చేను తొక్కితే ఆ నష్టానికీ సెక్షన్ 10 వర్తిస్తుంది; పని మొదలయ్యే ముందు పంచనామాలో పంట ఏ దశలో ఉందో రాయించనిదే సంతకం చేయవద్దు.