టోకెన్ కట్టే ముందు ఒక్క మాట

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో ముప్పై లక్షల ఫ్లాటు చూశావని, బిల్డరు ఆరు లక్షలు ముందే కట్టమంటున్నాడని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆగు. 2016 రెరా చట్టం (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు చేసిన కేంద్ర చట్టం) ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. అంటే మూడు లక్షలు. "ఇక్కడందరూ ఇలాగే ఇస్తారు" అంటాడు. అననీ.

బ్రోచర్ మీద రెరా నంబరుందని మురిసిపోకు. ఒడిశా రెరా వెబ్‌సైట్లో కొట్టి చూడు. నేను ఫ్లాటుకి డబ్బు కట్టినప్పుడు నాకు చూపించిన నంబరు ఆ బిల్డరుదే, కానీ భువనేశ్వర్లో వేరే ప్రాజెక్టుది! నేను చూసుకోలేదు. పైగా రెండు లక్షలు నోట్లుగా చేతిలో పెట్టాను. భువనేశ్వర్లో రెరా వాళ్లకి ఫిర్యాదు చేస్తే చెక్కులతో కట్టింది వడ్డీతో సహా ఇవ్వమన్నారు. నోట్లకు సాక్ష్యమేదీ? మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. ఆర్డరొచ్చాక కూడా డబ్బు వెంటనే రాలేదురా. బిల్డరు ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి, దానికోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగాయి.

"ఇది మొదటి ఫేజు, ఎనిమిది ఫ్లాట్లే, రెరా అక్కర్లేదు" అన్నాడనుకో, వెనక ఖాళీ స్థలంలో ఏం కడతావని అడుగు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో అన్ని ఫేజులూ కలిపి ఎనిమిది ఫ్లాట్లు మించితే రిజిస్ట్రేషన్ తప్పదు. చేయించకపోతే ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా.

పట్టా కూడా అడుగు. నేను తెలుగు బడిలో చదివినవాణ్ణి, నీకు ఒడియా బాగా వచ్చు కాబట్టి నువ్వే చదువు. కిసం, అంటే భూమి రకం, దగ్గర 'ఘరబారి' (ఇంటి స్థలం) అని ఉండాలి. 'సారద' అని ఉంటే అది వరి పొలం. తహసీల్ ఆఫీసులో మార్పించాడా, కాగితం చూపించమను.

అగ్రిమెంట్లో కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల మనం వాడుకునే నేల కొలత), ఇల్లు అప్పగించే తేదీ అంకెల్లో రాయించు. ఆ తేదీ దాటితే ఫ్లాటు వదులుకుని వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, ఉంటానంటే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగొచ్చు. ఇల్లు చేతికొచ్చిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో వాడి ఖర్చుతోనే బాగు చేయాలి.

పట్టా ఫోటో ఇవాళే పంపు. ఆదివారం పర్లాకిమిడి నుంచి పొద్దున్న బస్సుకే వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. అందాకా డబ్బు నీ అకౌంట్లోంచి కదలకూడదు.

మీ మావయ్య