రెక్క మీద వెండి రంగు పట్టీ

ప్రశ్న: గత నెలలో మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి విమానంలో హైదరాబాదు వెళ్లేటప్పుడు మా అమ్మగారికి కిటికీ పక్క సీటు వచ్చింది. రెక్క మీద జానెడు పొడవున వెండి రంగు టేపు అతికించి ఉండటం చూసి ఆవిడ దిగేదాకా కళ్లు తెరవలేదు. తిరుగు ప్రయాణం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనే చేశారు. జనాన్ని ఎక్కించుకుని ఎగిరే విమానానికి టేపు వేసి పంపడం న్యాయమేనా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ అమ్మగారి భయాన్ని చాదస్తమని తీసిపారేయకండి. కళ్లెదుట అతుకు కనిపించి, దాని సంగతి చెప్పే మనిషి పక్కన లేకపోతే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే ఆవిడ చూసినది మనం అట్టపెట్టెలకు అంటించే టేపు కాదు. నిర్వహణ సిబ్బంది దానిని స్పీడ్ టేపు అంటారు. అది పలచని అల్యూమినియం రేకు, దాని వెనక బలమైన జిగురు. రెండూ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎండకు చెయ్యి పెట్టలేనంతగా కాలిన రెక్క కొద్దిసేపటికే 11 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 56 డిగ్రీల చలిలోకి వెళుతుంది కాబట్టి, ఆ వేడికీ ఆ చలికీ లోహంతో పాటు సాగి ముడుచుకునేలా, నీటికీ నిప్పుకూ తట్టుకునేలా దానిని తయారు చేస్తారు.

నేను నిర్వహణ విభాగంలో పనిచేసిన రోజుల్లో ఈ పట్టీ వేయడం ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. ముందుగా ఆ చోటును ద్రావకంతో తుడిచి జిడ్డు లేకుండా చేస్తారు. పట్టీ మూలలను గుండ్రంగా కత్తిరిస్తారు, ఎందుకంటే కోణంగా ఉన్న మూల గాలికి ముందు లేస్తుంది. అతికించాక ప్లాస్టిక్ బద్దతో రుద్ది, లోపల చిక్కిన గాలిని అంచుల దాకా తోసేస్తారు. ఒకటి కంటే ఎక్కువ పట్టీలు వేయాల్సి వస్తే, రెక్క వెనక అంచు వైపు పట్టీని మొదట వేసి, ముందు వైపు పట్టీ దాని మీదికి వచ్చేలా అతికిస్తారు. తాటాకు ఇల్లు నేసేవారు చూరు దగ్గర మొదలుపెట్టి నడికప్పు వైపు వెళ్లడం కోనసీమలో చూసినవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. అక్కడ వాన నీరు, ఇక్కడ గాలి, అంచు కిందికి దూరకుండా జారిపోవాలి.

ఈ పట్టీ బరువు మోయదు, మోయమని ఎవరూ దానిని అడగరు. రంగు లేచిన చోట తేమ చేరకుండా, రెండు పలకల మధ్య పూత ఊడిన సందులో గాలి దూరకుండా కాపాడటమే దాని పని. ఎక్కడ వేయవచ్చో, ఎంత మేర వేయవచ్చో, ఎన్నాళ్లలో తీసి పక్కా మరమ్మతు చేయాలో తయారీ సంస్థ మాన్యువల్ చెబుతుంది. లైసెన్సు ఉన్న ఇంజనీరు ఆ సంగతి విమానం లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. బయలుదేరే ముందు పైలట్ దానిని చదువుతాడు, తృప్తి కలగకపోతే విమానం తీయనని అనే అధికారం ఆయనకు ఉంటుంది. మన దేశంలో ఈ వ్యవస్థ మొత్తం మీద పర్యవేక్షణ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏది.

వరదల్లో ఏటిగట్టు బలహీనపడితే రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు వేస్తాం, అది తప్పు కాదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కూడా ఆ గట్టు పని చేయకుండా, మళ్లీ వరద వచ్చేదాకా ఆ బస్తాలనే ఉంచితే అది తప్పు. పట్టీని గురించి అడగవలసిన ప్రశ్న కూడా అదే: ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీస్తారు? ఇక ప్రయాణికులకు ఈ నాలుగు మాటలు తెలుగులో చెప్పే ఏర్పాటు విమాన సంస్థలు ఇంతవరకు చేయకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. చెప్పి ఉంటే మీ అమ్మగారు కళ్లు మూసుకుని కూర్చునే అవసరం ఉండేది కాదు.

ప్రశ్న: ఒక పెద్ద విమానం రెక్క నిండా పదుల కొద్దీ టేపు ముక్కలున్న ఫొటో మా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అది నిజమైన ఫొటోయేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నిజమైనదే కావచ్చు. బోయింగ్ 787 రెక్కలు లోహంతో కాక కార్బన్ నారతో చేసిన మిశ్రమ పదార్థంతో తయారవుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల ఆ రెక్కల మీద రంగుకూ అడుగు పూతకూ మధ్య పట్టు సడలి, రంగు పెచ్చులుగా ఊడటం చాలా విమానాల్లో కనిపించింది. బయటపడిన భాగానికి ఎండ తగలకుండా, మళ్లీ రంగు వేసేదాకా ఈ పట్టీలు వేస్తారు. రెక్క చిరిగిందని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ప్రశ్న: టేపు వల్ల విమానం కూలిన సందర్భం ఎప్పుడైనా ఉందా? దాచకుండా చెప్పండి.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: ఉంది మాస్టారూ, కానీ అది మరమ్మతు కోసం వేసిన టేపు కాదు. 1996 అక్టోబరు 2న పెరూ దేశపు లీమా నుంచి బయలుదేరిన ఏరోపెరూ 603 విమానాన్ని అంతకు ముందు కడిగి శుభ్రం చేశారు. ఎత్తునూ వేగాన్నీ కొలిచే పరికరాలకు బయటి గాలి పీడనం అందించే చిన్న రంధ్రాలు విమానం ఒంటి మీద ఉంటాయి. నీరు వెళ్లకుండా వాటికి మామూలు టేపు అంటించి, పని అయ్యాక తీయడం మరిచారు. ఆ తరవాత చూడవలసినవారి కంటికీ అది ఆనలేదు. చీకట్లో, సముద్రం మీద, పరికరాలన్నీ తప్పుడు లెక్కలు చూపుతుంటే పైలట్లకు తాము ఎంత ఎత్తున ఉన్నారో తెలియలేదు. అందులో ఉన్న 70 మందీ మరణించారు.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 1985 ఆగస్టు 12 నాటి జపాన్ ఎయిర్‌లైన్స్ 123 ప్రమాదం. ఆ బోయింగ్ 747 తోక 1978లో దిగేటప్పుడు నేలకు రాసుకుంది. క్యాబిన్ గాలిని ఆపి ఉంచే వెనక గోడకు మరమ్మతు చేసినప్పుడు, రెండు వరసల రివెట్లు, అంటే పలకలను కలిపి బిగించే లోహపు మేకులు, బలాన్ని పంచుకునేలా ఒకే పలక వేయవలసిన చోట దానిని రెండు ముక్కలుగా వేశారు. దానితో భారమంతా ఒకే వరస మీద పడింది. పైకి చూస్తే అది పక్కా మరమ్మతు. ఆ లోపంతో విమానం ఏడేళ్లు ఎగిరి, చివరకు గోడ పగిలి తోక విరిగి కొండల్లో కూలింది. ఉన్న 524 మందిలో నలుగురే బతికారు.

అందుకే కంటికి కనిపించే పట్టీ కంటే, లోపల తప్పుగా కుదిరి, పనైపోయిందని అందరూ మరిచిపోయిన అతుకు గురించే నేను ఎక్కువ భయపడతాను. నిఘా ఉండవలసింది అక్కడ. ఖాళీగా ఉన్న తనిఖీ ఉద్యోగాలను నింపాలని పౌరులుగా మనం గట్టిగా అడగవలసిందీ అందుకే.

ప్రశ్న: కిటికీలోంచి ఏదైనా తేడా కనిపిస్తే మాలాంటివారు చెప్పవచ్చా? నవ్వుతారేమోనని జంకుగా ఉంటుంది.
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా చెప్పాలమ్మా. 1989 జనవరి 8న ఇంగ్లండులోని కెగ్‌వర్త్ దగ్గర ఒక బోయింగ్ 737 కూలి 47 మంది చనిపోయారు. ఎడమ ఇంజను చెడితే పైలట్లు పొరపాటున కుడి ఇంజను ఆపేశారు. కుడి ఇంజనులో లోపమని కెప్టెన్ మైకులో చెప్పినప్పుడు, ఎడమ వైపు నిప్పురవ్వలను కళ్లారా చూసినవారు వెనక సీట్లలో ఉన్నారు. పైలట్లకు తెలియదా అనుకుని ఊరుకున్నారు. పట్టీ అంచు లేచి గాలికి కొట్టుకుంటున్నా, రెక్క కింద ద్రవం కారుతున్నా, తలుపులు మూయకముందే సిబ్బందిని పిలిచి ఏ సీటు పక్కన, ఏ వైపు కనిపించిందో చెప్పి, కెప్టెన్‌కు తెలపమని అడగండి. విమానం కదిలాక కనిపించినా సరే, పిలుపు బటన్ నొక్కండి. సరైన జవాబు రాకపోతే, దిగాక విమానం నంబరు, తేదీ రాసి పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టవచ్చు.