పాత డీజిల్ పికప్ మేలా, కొత్త బీఎస్-6 బండి మేలా?

"పాత డీజిల్ బండ్లకు రిపేర్లు తక్కువ" అని చాలామంది అంటారు, అది నిజం కాదు. రిపేర్లు వాటికే ఎక్కువ. కాకపోతే ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు దగ్గర్నుంచి అంతా మెకానికల్ కాబట్టి ఊళ్లో మెకానిక్ స్పానర్లతోనే కానిచ్చేసేవాడు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎస్-6 (బండి పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ బండ్లలో కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి), సెన్సర్లతో పాటు పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ కూడా ఉంటుంది. ఆ మసి దాదాపు 600 డిగ్రీల వేడికి కాలిపోవాలి. పొలం నుంచి మార్కెట్ యార్డుకు రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే అంత వేడి రాదు. ఫిల్టర్ పూడుకుపోయి, డాష్‌బోర్డులో లైటు వెలిగి, ఇంజిన్ లాగడం మానేస్తుంది. ఇక బండి కంప్యూటర్‌లోని లోపాన్ని చదివే స్కానర్ ఉన్న షెడ్డుకే పోవాలి. అప్పుడప్పుడు హైవే మీద అరగంట ఆపకుండా నడిపితే చాలావరకు ఈ బెడద తప్పుతుంది.

లాగుడు, బ్రేకులు, పొగ విషయంలో కొత్తదానికి వంక పెట్టలేం. దూరాలు తిరిగేవాళ్లయితే నా ఓటు దానికే. తిరుగుడు తక్కువైతే సీఎన్‌జీ పికప్ చూడండి, దానికి ఈ మసి గొడవే లేదు.