లేవీయకాండములోని కుష్ఠు వేరు, మీ వారి మచ్చ వేరు

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ వచ్చింది. అక్కడ గిల్లినా తెలియడం లేదు. పీహెచ్‌సీలో కుష్ఠు అని చెప్పి ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. మా అత్తయ్య రోజూ బైబిల్ చదువుతారు. ఇలాంటివాళ్లు పాళెము (జనం గుడారాలు వేసుకున్న విడిది) వెలుపల ఉండాలని లేవీయకాండములో ఉందంటూ ఆయన మంచం వెనక వసారాలో వేయించారు. కంచం, గ్లాసు వేరు. పిల్లలిద్దరినీ దగ్గరకు పోనివ్వడం లేదు. అత్తయ్య మాట కాదనలేను, ఆయన ముఖం చూడలేకపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మంచం ఇంట్లోకి తెప్పించండి. మందు మొదలైన కొద్ది రోజులకే ఆయన నుంచి ఇతరులకు సోకే శక్తి దాదాపు పోతుంది. ఒక్క మచ్చ ఉన్నవాళ్లలో క్రిములు మొదటి నుంచీ చాలా తక్కువ. కలిసి తిన్నా, పక్కన పడుకున్నా, పిల్లల్ని ఎత్తుకున్నా భయం లేదు. వేరే కంచం అక్కర్లేదు.

ఇక అత్తయ్య మాట. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, నమ్మినది చేశారు. అందుకే ఆవిడ చదివే పుస్తకం నుంచే మాట్లాడతాను. లేవీయకాండము 13వ అధ్యాయాన్ని చర్మవ్యాధుల డాక్టరుగా నేను చాలాసార్లు చదివాను. మచ్చ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయా, మచ్చ చర్మం కంటే పల్లంగా ఉందా అని యాజకుడు చూడాలి. తేలకపోతే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూడాలి. అప్పటికీ తేలకపోతే ఇంకో ఏడు రోజులు. ఒళ్లంతా తెల్లబడిపోయినవాడు మాత్రం పవిత్రుడే! బట్టకు పచ్చగానో ఎర్రగానో మచ్చ పడినా అక్కడ పేరు కుష్ఠే, 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పడినా అదే పేరు. గోడకు కుష్ఠు రాదు కదా, అది బూజో చెమ్మో అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, స్పర్శ పోవడం గురించి అక్కడ ఒక్క మాట కూడా లేదు. మేం కుష్ఠును పట్టుకునేదే దానితో. కళ్లు మూసుకోమని మచ్చ మీద దూదిపోగు తాకిస్తాం. ఎక్కడ తాకిందో వేలితో చూపించలేకపోతే అనుమానం బలపడుతుంది. బీడీ చివరిదాకా కాలి వేళ్లు బొబ్బలెక్కినా తెలియక, భార్య చూసి అరిస్తే నా దగ్గరకు వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఈ జబ్బు అలా ఉంటుంది.

హీబ్రూ మూలంలోని పేరు త్సరాత్. గ్రీకులోకి మార్చినవారు దాన్ని లెప్రా అన్నారు. అప్పట్లో అది పొలుసులు రాలే చర్మరోగాలకు వాడే మాట. తర్వాతి కాలంలో ఆ పేరు ఈ జబ్బుకు స్థిరపడింది, మన బైబిల్లోకి 'కుష్ఠు'గా వచ్చింది. దీనికి కారణమైన క్రిమిని నార్వే డాక్టరు హాన్సెన్ కనిపెట్టింది 1873లో.

ఇంకొకటి కూడా ఆవిడకు చెప్పండి. ఆ ధర్మశాస్త్రంలో బాలింత కూడా అపవిత్రురాలే, శవాన్ని ముట్టినవాడూ అపవిత్రుడే. వాళ్లకు అంటురోగం ఉందని కాదు. దేవుని మందిరం పాళెం మధ్యలో ఉంది కాబట్టి దానికి దూరంగా ఉండాలని. యాజకుడు వైద్యం చేయడు, చూసి తీర్పు చెబుతాడంతే. పైగా 14వ అధ్యాయంలో సగానికి మించి, బాగుపడినవాణ్ని తిరిగి ఎలా చేర్చుకోవాలనే ఉంది. యాజకుడే పాళెం వెలుపలికి వెళ్లి అతన్ని చూడాలి. రెండు పక్షుల్లో ఒకదాన్ని ప్రాణంతో పొలాల మీదికి వదిలేయాలి. సంఖ్యాకాండము 12 తీసి అత్తయ్య చేతే చదివించండి. మోషే అక్క మిర్యాము కుష్ఠు వచ్చి ఏడు రోజులు బయట ఉంటే, ఆమె తిరిగి వచ్చేదాకా జనమంతా అడుగు ముందుకు వేయలేదు. నాకు చాలా ఇష్టమైన భాగం అది.

మందుల సంగతి. నెలకు ఒకసారి వేసే డోసు ఆరోగ్య కార్యకర్త ముందే వేసుకోవాలి, మిగతావి రోజూ ఇంట్లో. షీటు అయిపోకముందే కొత్తది తెచ్చుకోండి, ఉచితంగానే ఇస్తారు. నెలవారీ డోసు రోజు మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడకండి, అది మాత్ర రంగు. చర్మం కాస్త నల్లబడినా కోర్సు అయ్యాక కొన్ని నెలల్లో మెల్లగా తగ్గుతుంది. ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. మచ్చలో స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, మందు పనిచేయలేదని మానేయకూడదు.

మిమ్మల్ని, అత్తయ్యను, పిల్లలను ఒకసారి పరీక్ష చేయించండి. మచ్చలేమీ లేకపోతే ముందుజాగ్రత్తగా ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇస్తారు. ఈ క్రిమిని తట్టుకునే శక్తి చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది.

మచ్చ ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బినా, మోచేయి లోపలివైపు నరం నొప్పి పెట్టినా, చిటికెన వేలు బలహీనపడినా అది రియాక్షన్, అంటే క్రిమి మీద ఒంటి రక్షణశక్తి ఎగదన్నడం. కోర్సు మధ్యలోనూ రావచ్చు, అయిపోయాకా రావచ్చు. స్టెరాయిడ్లు ఆలస్యమైతే చెయ్యి వంకర తిరుగుతుంది. తెల్లారాక చూద్దాం అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.