తేలికా, నిజమా? రేసింగ్ గేమ్ చేస్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

నీ మెయిల్ చదివాను, మీ రేసింగ్ గేమ్ బిల్డు (ఇప్పటిదాకా తయారైన రూపం) కూడా ఆడి చూశాను. టీమ్‌లో ఒకరేమో కారు అచ్చం అసలు కారులా ఉండాలంటారు, ఇంకొకరేమో చేతిలోకి తీసుకోగానే ఎవరైనా ఆడేసేలా ఉండాలంటారు, మధ్యలో నేను నలిగిపోతున్నాను అని రాశావు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చి చెప్పు బాబాయ్ అన్నావు. నేను తేల్చను. నిజం పెరిగితే తేలిక తగ్గుతుందని మీవాళ్లిద్దరూ ముందే ఒప్పేసుకుని, ఆ తర్వాత పోట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్లుగా కార్ల హ్యాండ్లింగ్ మీదే పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ లెక్కే తప్పు.

మీ మూడో మలుపు సంగతే తీసుకో. గంటకు 90 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీస్తే చాలు, కారు గిర్రున తిరిగిపోతోంది. మీ వాళ్లు దాన్ని రియలిజం అనుకుంటున్నారు. మీరు పెట్టింది మామూలు రోడ్డు కారు. అలాంటి కార్లలో టైర్ల పట్టు హద్దు దాటితే వెనక చక్రాల కన్నా ముందు చక్రాలే మొదట జారేలా కంపెనీలు కావాలనే సెట్ చేస్తాయి, డ్రైవరు కంగారుపడి కాలు తీసినా బండి బతకాలని. రోజూ కారు నడిపే మనిషిని తీసుకెళ్లి రేస్ ట్రాక్ మీద వదిలితే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి వస్తాడు. వేగంగా తిరగడం కష్టం గానీ, తిరగడం కష్టం కాదు. మీ గేమ్‌లో మాత్రం తిరగడమే కష్టంగా ఉంది. అంటే అది కష్టంగా ఉంది, కానీ నిజంగా లేదు.

ఎందుకలా అవుతుందో చెబుతాను. అసలు కారులో కూర్చున్నవాడికి సీటు చెబుతుంది, మెడ చెబుతుంది, స్టీరింగ్ బరువు చెబుతుంది. రెండు కళ్లతో మలుపు ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తాడు. వెనకభాగం జారబోతుంటే నడుముకి ముందే తెలిసిపోతుంది. ఇవన్నీ లాగేసుకుని, చదునైన ఒక తెర, రెండు స్పీకర్లు చేతిలో పెట్టి, ఫిజిక్స్, అంటే కారు కదలికల లెక్క, మాత్రం ఏమీ తగ్గించకుండా ఉంచితే అది అసలు కారు కన్నా కష్టమైన వస్తువు అవుతుంది. కాబట్టి ఫిజిక్స్‌ని మెత్తబరచడం గురించి ఇప్పుడే ఆలోచించకు. తెర లాగేసుకున్న సమాచారాన్ని వేరే దారుల్లో ఆడేవాళ్లకి తిరిగి ఇవ్వడం ముందు చూడు.

టైరు నుంచి మొదలుపెట్టు. చక్రం చూస్తున్న దిక్కుకీ, అది నిజంగా వెళ్తున్న దిక్కుకీ మధ్య ఉండే కోణం, అదే స్లిప్ యాంగిల్, పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. కొన్ని డిగ్రీల దగ్గర శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. మీరు వాడుతున్నది టైరు పట్టుని లెక్కగట్టే పజేకా గారి మ్యాజిక్ ఫార్ములానే అన్నావు కదా, దానికి గ్రాఫు గీసి శిఖరం తర్వాతి వాలు చూడు. మీది గోడ మీంచి దూకినట్టు పడిపోతోందని నా అనుమానం. పొడి తారు మీద జారుతున్న టైరుకి కూడా పట్టు చాలావరకు మిగిలే ఉంటుంది. ఆ వాలుని సరిచేస్తే గేమ్ తేలికవుతుంది, అదే దెబ్బకి నిజానికీ దగ్గరవుతుంది. బ్రేకూ మలుపూ రెండూ టైరు పట్టు అనే ఒకే ఖాతాలోంచి డబ్బు తీస్తాయన్న సంగతి మీ కోడ్‌లో బాగానే రాశారు. దాన్ని ముట్టుకోకండి.

తర్వాత శబ్దం. టైరు కూత కన్నా మంచి హెల్ప్ నాకు ఇంతవరకూ కనిపించలేదు. మీ బిల్డులో కారు జారాక కూత వస్తోంది. అప్పుడొస్తే ఏం లాభం? పట్టు శిఖరానికి చేరకముందే సన్నగా మొదలవ్వాలి, శిఖరం దగ్గర నిండుగా పలకాలి, దాటాక గొంతు మారి గరగరలాడాలి. ముందు టైర్లకి ఒక స్వరం, వెనక టైర్లకి ఇంకో స్వరం పెట్టండి. కొద్దిసేపు ఆడితే కళ్లు మూసుకున్నా ఏ కొస జారుతోందో తెలిసిపోవాలి. ఇంజిన్ శబ్దం మీద మీవాడు నెలల తరబడి కూర్చున్నాడని తెలుసు. బాగుంది కూడా. కానీ అది టైర్లను మింగేస్తోంది, కాస్త తగ్గించమను.

స్టీరింగ్ వీల్‌తో ఆడేవాళ్ల సంగతి తేలిక. ముందు టైరు పట్టు శిఖరానికి చేరకముందే స్టీరింగ్‌ని మధ్యకి లాగే బలం తన శిఖరం దాటేసి తగ్గడం మొదలవుతుంది, చేతిలో వీల్ తేలికైపోతుంది. అసలు డ్రైవర్లకి అదే హెచ్చరిక. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌లో, అంటే వీల్ చేతికి తిరిగి ఇచ్చే బలంలో, దాన్ని సరిగ్గా పంపితే చాలు. మీద గుంతల కుదుపులు, ఇంజిన్ వణుకు అంటూ మసాలా వేసి ఆ సన్నటి కబురుని ముంచేయకండి.

అసలు పని ఉన్నది గేమ్‌ప్యాడ్ దగ్గర. మీరు దాన్ని చివర్లో చూసుకుందాం అనుకున్నారు, అక్కడే అంతా చెడింది. మామూలు కారు స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకి దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. ప్యాడ్ మీద బొటనవేలితో తోసే చిన్న స్టిక్ అదే పనిని రెప్పపాటులో చేసేస్తుంది. స్టిక్‌ని నేరుగా చక్రాలకి కట్టేస్తే, లోకంలో ఏ డ్రైవరూ తిప్పలేనంత వేగంగా మీ కారు చక్రాలు తిరుగుతున్నాయన్నమాట. ఇందులో రియలిజం ఎక్కడుంది? చక్రం తిరిగే వేగానికి ఒక హద్దు పెట్టు. కారు వేగం పెరిగేకొద్దీ, స్టిక్ పూర్తిగా తోసినా ముందు టైరు శిఖరాన్ని కొద్దిగా మాత్రమే దాటేలా కోణాన్ని కట్టడి చెయ్యి. అసలే దాటనివ్వకపోతే ఆడేవాళ్లకి తప్పు చేసే అవకాశమే ఉండదు, అదీ బాగోదు.

ఇంకొకటి. వెనకభాగం జారినప్పుడు అసలు కారులో స్టీరింగ్‌ని వదులుగా పట్టుకుంటే ముందు చక్రాలు వాటంతట అవే కారు వెళ్తున్న దిక్కుకి తిరుగుతాయి. సస్పెన్షన్ జ్యామితి చేసే పని అది. డ్రిఫ్ట్ చేసేవాళ్లు, అంటే కావాలనే కారు వెనకభాగాన్ని జార్చి నడిపేవాళ్లు, వీల్‌ని చేతుల్లోంచి జారనివ్వడం చూసే ఉంటావు. ప్యాడ్ పట్టుకున్నవాడికి ఆ సాయం లేదు. స్టిక్ వదిలితే చక్రాలు బిగుసుకుపోయి కారుకి సూటిగా నిలబడతాయి, కారు తిరిగిపోతుంది. అందుకని ప్యాడ్‌లో మధ్య స్థానం అంటే కారు చూస్తున్న దిక్కు అనుకోకుండా, కారు వెళ్తున్న దిక్కు వైపు కొంత జరుపు. ఇది చీటింగ్ అని మీవాళ్లంటే, అసలు కారులో ఉన్నదాన్నే తిరిగి తెచ్చామని చెప్పు.

ఆలస్యం కూడా కొలవండి. గంటకు 200 కి.మీ. అంటే సెకనుకి 55 మీటర్లకు పైనే. బటన్ నొక్కినదానికీ తెర మీద కనపడేదానికీ మధ్య సెకనులో పదో వంతు పోతే కారు అయిదున్నర మీటర్లు వెళ్లిపోయినట్టే, ఒక కారు పొడవు కన్నా ఎక్కువ. అలాంటప్పుడు బ్రేకు ఆలస్యంగా నొక్కావని ఆడేవాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. ఫిజిక్స్ లెక్కని తెర మీద బొమ్మ మారే ఫ్రేములకి కట్టేశారని కోడ్‌లో చూశాను, ముందు విడదీయండి. ఐరేసింగ్ అనే గేమ్ సెకనుకి 360 సార్లు లెక్క కడుతుంది. మీకు అంత అక్కర్లేదు గానీ 60 మాత్రం చాలదు.

ఇక హెల్ప్‌ల గురించి, అంటే ఆడేవాళ్లకి గేమ్ ఇచ్చే సాయాల గురించి, మీ టీమ్‌లో జరిగిన గొడవ. అన్నీ ఆపేస్తేనే అసలు ఆట అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ సగం అబద్ధం. జీటీ3 అనే తరగతి రేసు కార్లలో ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా ఆపేది), ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ నొక్కితే చక్రాలు ఊరికే తిరిగిపోకుండా ఆపేది) రెండూ ఉంటాయి. ఆ కారులో వాటిని ఆపేసి ఆడేవాడు నిజానికి దూరంగా ఆడుతున్నాడు. ఫార్ములా వన్‌లో 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం, అక్కడ ఆపడమే నిజం. కాబట్టి ఏ కారుకి ఫ్యాక్టరీలో ఏముందో అదే డిఫాల్ట్‌గా పెట్టండి. మీద ఇచ్చే సాయాలు విడివిడిగా ఉండాలి. జెఫ్ క్రామండ్ 1990ల మొదట్లో చేసిన ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ గేమ్‌లోనే ఈ పద్ధతి ఉంది. బ్రేకులు, గేర్లు, దారి గీత (కారు వెళ్లాల్సిన దారిని ట్రాక్ మీద చూపేది), తిరిగిపోయిన కారుని సరిచేయడం, దేనికది ఒక్కో మీటతో పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. ఏది తీసినా కింద ఉన్న కారు మాత్రం అదే. నువ్వు పట్టుకోవాల్సింది ఇదే. 'ఈజీ' నొక్కితే ఒక కారు, 'హార్డ్' నొక్కితే ఇంకో కారు అయితే, ఈజీలో నేర్చుకున్నదంతా హార్డ్‌లోకి వెళ్లేసరికి పనికిరాకుండా పోతుంది.

1997లో వచ్చిన గ్రాన్ టురిస్మో గేమ్ కోటికి పైగా అమ్ముడుపోయింది. అందులో లైసెన్స్ పరీక్షలుండేవి. బయల్దేరి ఫలానా గీత లోపల కారుని ఆపు, ఈ ఒక్క మలుపు ఇంత సమయంలో తిరుగు, అంతే. చిన్న ముక్క, వెంటనే ఫలితం, తప్పితే మళ్లీ అక్కడి నుంచే. ఫిజిక్స్ తగ్గించకుండా జనాన్ని లోపలికి తెచ్చిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది అది. మరుసటేడు వచ్చిన గ్రాండ్ ప్రీ లెజెండ్స్‌లో 1967 నాటి కార్లు, కారుని నేలకి నొక్కి పట్టే రెక్కల్లేని కాలం. గొప్ప గేమ్, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. అమ్మకాలు మాత్రం అంతంత మాత్రమే.

రివైండ్, అంటే తప్పు చేశాక కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ నడపడం, వద్దని మీవాళ్లు పట్టుబడుతున్నారట. 2008లో రేస్ డ్రైవర్ గ్రిడ్ గేమ్ దాన్ని ఫ్లాష్‌బ్యాక్ పేరుతో తెచ్చినప్పుడూ ఇదే గోల. నా మటుకు నేను పెట్టమంటాను. చివరి చుట్టులో ఒక్క మలుపు తప్పినందుకు ఇరవై నిమిషాలు పారబోసుకునేవాడు ఏమీ నేర్చుకోడు, గేమ్ ఆపేస్తాడు. అదే మలుపుని వెంటనే నాలుగుసార్లు తిరిగితే నేర్చుకుంటాడు. ఆన్‌లైన్ రేసుల్లో, ల్యాప్ రికార్డుల్లో ఉండదు, అంతటితో గొడవ అయిపోయింది.

దారి గీత గురించి మాత్రం నాకు భయం ఉంది. 2005లో ఫోర్జా మోటార్‌స్పోర్ట్ రంగులు మారే గీత తెచ్చాక అందరూ పెడుతున్నారు. చాలామంది ఆ గీతనే చూస్తూ మలుపుని చూడ్డం మానేస్తారు. బ్రేకు వేసే చోట మాత్రమే గీత చూపించడం మేలు. దానికన్నా మేలు ట్రాక్ పక్కన మలుపు ఇంకెన్ని మీటర్లుందో చెప్పే 150, 100, 50 బోర్డులు పెట్టడం. గీత పెడితే ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే వాడకండి. ఆ రెండు రంగులూ ఒకేలా కనిపించేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆకారం కూడా మారాలి. 2023 ఫోర్జాలో చూపు లేనివాళ్లు శబ్దాలను బట్టి నడిపే ఏర్పాటు కూడా చేశారు, ఒకసారి ఆడి చూడు. కూతల గురించి పైన రాసింది ఇంకా బాగా అర్థమవుతుంది.

వెనకబడినవాడి కోసం ముందున్న కార్లను రహస్యంగా నెమ్మది చేయడం వద్దు. జనం పసిగట్టేస్తారు, పసిగట్టాక గెలుపుకి విలువ ఉండదు. దానికి బదులు ప్రత్యర్థుల స్థాయి ఎంచుకోనివ్వండి.

ఇదంతా చదివి, మాకు అసలు కారు వద్దు, అవుట్ రన్ లాంటిది కావాలి అనిపిస్తే, భేషుగ్గా చెయ్యండి. 1986 నాటి ఆ గేమ్‌ని జనం ఇప్పటికీ ఆడుతున్నారు. అప్పుడు డ్రిఫ్ట్‌కి మీ సొంత నియమం రాసుకోండి, కానీ ప్రతిసారీ అదే నియమం పనిచేయాలి. సగం టైరు మోడల్, సగం మాయ కలిపితే మాత్రం ఎవరికీ ఏదీ అంతుపట్టదు.

వచ్చే బిల్డుకి ముందు ఒక పని చెయ్యి. రేసింగ్ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్లని కూర్చోబెట్టి ప్యాడ్ చేతికివ్వు. నువ్వు పక్కనుండి ఒక్క ముక్క చెప్పకూడదు. తెర కన్నా వాళ్ల బొటనవేళ్లని చూడు. కారు తిరిగిపోయినప్పుడు 'అయ్యో, ఎక్కువ తిప్పేశాను' అంటే మీ కారు వాళ్లతో మాట్లాడుతోందని అర్థం. 'ఏమైంది?' అని నీ మొహం చూస్తే ఆ మలుపు, ఆ వేగం రాసిపెట్టుకో. ఆ చిట్టా, టైరు గ్రాఫు కలిపి నాకు పంపు, ప్యాడ్ సెట్టింగులు నేను కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి