డాక్యుమెంటరీలు తీస్తానంటోంది... బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. జాతరలు, గిరిజనుల పండగలు, ఊళ్ల ఆచారాల మీద డాక్యుమెంటరీలు తీస్తానంటోంది. విశాఖలో మత్స్యకారులుండే పెదజాలరిపేటలో ఒక అమ్మవారి పండగ మీద 20 నిమిషాల వీడియో కూడా తీసింది. అక్కడి ఆడవాళ్లు తమ మొక్కుల గురించి అందులో మాట్లాడారట. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫిల్మ్ అకాడమీ ఏడాది కోర్సుకు 6 లక్షలు అడుగుతోంది. అందులో చేర్చాలా, ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేయించాలా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఏటా డిగ్రీ పరీక్షల వేళకు ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ అసలు దిగులు ఒక్కటే: పిల్ల తన కాళ్ల మీద తను నిలబడుతుందా? నిలబడుతుంది. అయితే మొదట్లో డాక్యుమెంటరీలే తిండి పెట్టవు. నేనెరిగిన వాళ్లంతా ఎడిటింగ్, సౌండ్ పనులతోనూ, స్వచ్ఛంద సంస్థలకూ కంపెనీల సామాజిక సేవా (సీఎస్ఆర్) విభాగాలకూ చిన్న ఫిల్ములు చేసిపెట్టీ ఇల్లు గడుపుకుంటూ తమ సొంత సినిమా తీసుకున్నారు. ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్లు ఆడే కళాకారుడు గుండెకు కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ ఎగురుతుంటే అతని పాట మాట మాటా వినపడేలా రికార్డు చేయగలిగిన పిల్లకు పని దొరకదన్న భయం అక్కర్లేదు.

ఇక అకాడమీ సంగతి. నాకు ఈ కోర్సుల మీద గట్టి అనుమానాలున్నాయి. తమిళనాడులోని ముదుమలై అడవిలో ఏనుగు పిల్లల్ని సాకిన దంపతుల మీద తీసిన డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చింది. అప్పట్నుంచి పిల్లల్లో ఈ మోజు పెరిగింది, దాని వెంటే ఫీజులూ పెరిగాయి. ఆ చిన్న సినిమా వెనక ఏళ్ల తరబడి పని ఉందని బ్రోచర్లలో ఎవరూ రాయరు. కెమెరా, డ్రోన్, కలర్ గ్రేడింగ్ (వీడియోలో రంగులు సరిదిద్దడం) నేర్పుతామంటారు. అవి ఇవాళ తక్కువ ఖర్చుతోనే నేర్చుకోవచ్చు. ఊరివాళ్ల నమ్మకం సంపాదించడం మాత్రం ఏ ఏడాది కోర్సులోనూ రాదు.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమే చూడండి. దసరా తర్వాత మంగళవారం ఫోన్లన్నీ సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను మీదే ఉంటాయి: చివర కూర్చున్న పూజారి, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరగడం. అందరి వీడియోలూ ఒకేలా ఉంటాయి. కథ మాత్రం అంతకుముందే మొదలవుతుంది. అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెప్పిన చింతచెట్టును వెతుకుతారు, పూజ చేసి కొడతారు, ఊరేగింపుగా తెచ్చి మానుగా చెక్కుతారు. ఆ చెట్టు ఎవరి తోటలోది? గొడ్డలి పడేముందు ఆ ఇంటివాళ్లు ఏమనుకున్నారు? చెక్కే చేతులు ఎవరివి? ఇవి అడగాలని తోచడానికి చదువు కావాలి. అందుకే ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మనుషుల జీవనాన్నీ ఆచారాలనూ చదివే శాస్త్రం) పీజీయే మేలంటాను. దానికి పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత కూడా సినిమా చదువే కావాలంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ జామియా యూనివర్సిటీ ఉన్నాయి. ఇవి ప్రభుత్వ సంస్థలు, చాలా కోర్సులకు ఏ డిగ్రీ ఉన్నా దరఖాస్తు చేయొచ్చు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

ఒక మాట కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో ఫీజు రాశారు, వీడియో నిడివి రాశారు. అది ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. మీరు చూడలేదని నాకనిపిస్తోంది. జాలరిపేట ఆడవాళ్లు ఒక కాలేజీ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, కెమెరా ముందు తమ మొక్కుల గురించి మాట్లాడటం చిన్న విషయమా? పరాయివాళ్లు గుర్తించిన నేర్పు ఇంట్లో గుర్తించకపోతే ఆ పిల్ల మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించారా? రాత్రిపూట జాతరలకు ఆడపిల్ల ఒంటరిగా ఎలా వెళ్తుందన్నది మీ భయమైతే దాన్ని సూటిగా చెప్పండి, బతుకుతెరువు మాటున దాచకండి. ఆ భయం న్యాయమైనదే. దానికి మందు కూడా ఉంది: తోడుగా ఇద్దరు స్నేహితురాళ్లు, ఊళ్లో ముందుగా పరిచయమైన ఒక ఇల్లు, రాత్రి బస అక్కడే.

ఈ ఆదివారం ఆ వీడియో పూర్తిగా, అమ్మాయి పక్కన కూర్చుని చూడండి. తర్వాత అకాడమీకి ఫోన్ చేసి, రెండేళ్ల కిందట చదువు ముగించిన ముగ్గురు విద్యార్థులతో మాట్లాడించమనండి. నీళ్లు నమిలితే ఆ 6 లక్షలు బ్యాంకులోనే ఉంచండి. అందులో కొంత తీసి అమ్మాయికి మంచి మైకు, హెడ్‌ఫోన్లు కొనివ్వండి.